నిద్రకు ఏ డాక్టరు?

నిద్ర పట్టడం లేదంటే అయ్యో పాపం అనే లోకం, నిద్ర ఆగడం లేదంటే మాత్రం నవ్వుతుంది. కుంభకర్ణుడి పేరు పెడుతుంది. మగవాడైతే ఆ పేరుతో సరిపోతుంది. ఇంటి కోడలు పట్టపగలు కునికిందంటే ‘పనిదొంగ’, ‘ఆ ఇంట్లో లక్ష్మి నిలవదు’ అన్న మాటలు వీధి చివరిదాకా వెళతాయి. మా తోటికోడలు నాలుగేళ్లపాటు ఈ మాటలు పడింది. చివరికి తేలిందేమిటంటే అది బద్ధకం కాదు, జబ్బు.

జబ్బు ఒక ఎత్తయితే, దానికి ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది ఇంకో ఎత్తు అయింది మాకు. పంటికి పళ్ల డాక్టరు, కంటికి కళ్ల డాక్టరు ఉన్నారు. నిద్రకు డాక్టరంటూ ఒకరుంటారని మా ఊళ్లో ఎవరూ విన్నది లేదు. మేం వెతుక్కున్న దారి ఇంకో ఇంటికి పనికొస్తుందని, ఆమె ‘రాయక్కా’ అన్నాకే ఇది రాస్తున్నాను.

ఒళ్లోని బిడ్డ జారితే...

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో, మైపాడు సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. నేను బడిలో టీచరుని. మా మరిది రొయ్యల గుంటలు చూసుకుంటాడు. రాత్రిపూట నీళ్లలో గాలి తగ్గితే రొయ్య చచ్చిపోతుంది కాబట్టి ఏరియేటర్లు తిప్పుకుంటూ గట్టు మీద షెడ్డులోనే ఉంటాడు. అతను పగలు పడుకుంటే ఎవరూ ఏమీ అనరు. రాత్రంతా మేలుకున్నాడని అందరికీ తెలుసు. ఆమె సంగతి అలా కాదు. రాత్రి పదింటికి పడుకుని ఆరింటికి లేచేది. అయినా తొమ్మిది గంటలకల్లా కళ్లు మూతలు పడేవి. కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్టు కుడుతూనే తూగేది. ఒకసారి సూది వేల్లో దిగింది. పొయ్యి మీది కూర ఎన్నిసార్లు మాడిందో లెక్కలేదు.

అన్నిటికంటే భయపెట్టింది మాత్రం బిడ్డ విషయం. ఎనిమిది నెలల వాడికి పాలిస్తూ నిద్రపోయింది. వాడు ఒళ్లోంచి జారి పడ్డాడు. చాప మీద కూర్చుంది కాబట్టి సరిపోయింది, అదే అరుగు మీద అయితే? ఆ రోజు మా అత్తగారు తిట్టలేదు. ‘‘దీనికి ఏందో అయింది. యాడికన్నా తీసకపోండి’’ అన్నారు.

యాడికి?

ఇంట్లో తలో మాట. అత్తగారు గొలగమూడి వెంకయ్యస్వామి సన్నిధిలో నిద్ర చేయిస్తానని మొక్కుకున్నారు. నిద్ర ఎక్కువైన మనిషికి నిద్ర మొక్కేమిటని మా ఆయన నవ్వారు. అయినా మొక్కు తీర్చాం, ఆమె మనసుకి అదొక ధైర్యం. మరిదేమో ఆర్‌ఎంపీ చేత రెండు సీసాలు గ్లూకోజు ఎక్కిస్తే సరి అన్నాడు. ఆమె పుట్టింటివాళ్లు ‘‘మా బిడ్డకు పని ఎక్కువైంది’’ అన్నారు. పక్కింటి పెద్దమ్మ ‘‘నేరుగా మద్రాసు పోండమ్మే, రైలెక్కితే మూడు గంటలు’’ అంది. 1996లో ఆ ఊరికి చెన్నై అని పేరు మారినా, పెద్ద జబ్బంటే మా వైపు వాళ్ల నోట వచ్చేది మద్రాసే.

సరే, మద్రాసుకే వెళ్లాం అనుకోండి. అక్కడ దిగి ఎవరిని అడగాలి? నరాల వాళ్లనా, ఊపిరితిత్తుల వాళ్లనా, మనసు డాక్టరునా? అధిక నిద్ర అనేది ఒక జబ్బు పేరు కాదు. జ్వరంలాగా అదొక లక్షణం. ఒంట్లో రక్తం తగ్గినా, థైరాయిడ్ మందగించినా, షుగరు పెరిగినా, గురకలో ఊపిరి ఆగి ఆగి వచ్చినా, మనసు కుంగినా మగతగా ఉంటుంది. జలుబుకి, దురదకి వేసుకునే మాత్రలు కూడా తూగిస్తాయి. అందుకని ముందు దగ్గరున్న తలుపే తడదాం, అక్కడ తేలకపోతే వాళ్లు చెప్పిన వైపు వెళదాం అని నేను పట్టుబట్టాను.

నీరసమా? నిద్రా?

వెళ్లేముందు రెండు వారాలు ఒక నోటుపుస్తకం పెట్టాం. ఎన్నింటికి పడుకుంది, ఎన్నింటికి లేచింది, పగలు ఎప్పుడు ఏ పనిలో కునికింది, ఏ మాత్ర వేసుకుంది అన్నీ రాశాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ ఆ పుస్తకం చూసి, రక్తం, థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించమన్నారు. హిమోగ్లోబిన్ 8.4 ఉంది. గర్భంతో లేని ఆడవాళ్లకి కనీసం 12 ఉండాలి. ఇందులో వింతేమీ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది.

కారణం దొరికిందని అందరం సంతోషించాం. నాలుగు నెలలు ఐరన్ మాత్రలు, ఆకుకూరలు, బెల్లం. హిమోగ్లోబిన్ 12 దాటింది. ఆయాసం పోయింది, బిందె ఎత్తితే వణుకు పోయింది. నిద్ర మాత్రం అలాగే ఉంది!

అప్పుడు డాక్టరమ్మ చెప్పిన మాట నాకు బాగా గుర్తు. ‘నీరసం వేరు, నిద్ర వేరు. నీరసం ఉన్న మనిషికి కాసేపు వాలాలనిపిస్తుంది, వాలినా నిద్ర పట్టకపోవచ్చు. నిద్ర జబ్బున్న మనిషి వద్దనుకున్నా నిద్రపోతుంది, మాట్లాడుతూ మాట్లాడుతూ కూడా.’ ఆవిడే నెల్లూరులో జనరల్ ఫిజీషియన్ దగ్గరికి చీటీ రాసిచ్చారు. ఆ చీటీ, నోటుపుస్తకం, రిపోర్టులు ఒకే సంచిలో పెట్టుకుని బస్సెక్కాం.

నవ్వితే ఏమవుతుంది?

ఆ డాక్టరుగారు ముందు ఎనిమిది ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చారు. ఆస్ట్రేలియాలో డాక్టర్ ముర్రే జాన్స్ 1991లో తయారుచేసిన ఎప్‌వర్త్ కొలమానం అది. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, గంటసేపు బండిలో కూర్చున్నప్పుడు, ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు... ఇలా ఒక్కో సందర్భంలో కునుకు పట్టే అవకాశం ఎంతో సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసుకోవాలి. మొత్తం 24లో పది దాటితే ఆలోచించాల్సిందే. ఆమెకు 19 వచ్చాయి.

తర్వాత ప్రశ్నలు. గురక ఉందా? లేదు. దిగులుగా ఉంటుందా? మాటలు పడ్డప్పుడు ఉంటుంది గానీ ఎప్పుడూ కాదు. రాత్రి కాళ్లు లాగి కదిలించాలనిపిస్తుందా? లేదు. చివరగా ‘‘గట్టిగా నవ్వితే ఏమవుతుందమ్మా?’’ అని అడిగారు.

ఆమె నా వైపు చూసింది. కాసేపాగి చెప్పింది. బాగా నవ్వు వస్తే మోకాళ్లు సడలిపోతాయట, చేతిలో ఉన్నది జారిపోతుందట. తెలివి మాత్రం ఉంటుందట. అర నిమిషంలో సర్దుకుంటుందట. చేతిలోంచి గిన్నెలు పడేసే పిల్ల అని ఇంట్లో పేరు తప్ప, అది నవ్వినప్పుడే జరుగుతోందని ఎవరికీ తట్టలేదు. అందుకే నలుగురిలో నవ్వడం మానేసిందట. ఇంకోటి కూడా అప్పుడే చెప్పింది. నిద్రలోంచి మెలకువ వచ్చినా ఒళ్లు కదలదట, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుందట. ఆ ముక్క ముందే చెప్పుంటే ఊళ్లో దయ్యం పట్టిందనేవాళ్లు!

డాక్టరుగారు వెంటనే ‘‘ఇది నరాల డాక్టరు చూడాల్సింది’’ అన్నారు. మాకు ఏ తలుపు తట్టాలో చెప్పింది ఆ ఒక్క ప్రశ్నే. గురక ఉండుంటే ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికో, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికో పంపేవారు. దిగులు ఎక్కువగా ఉంటే మనసు డాక్టరు దగ్గరికి.

ఫోనులో మూడు ప్రశ్నలు

ఇప్పుడు ఏ ఊరు? నెల్లూరులోనే 2014 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ప్రైవేటు ఆస్పత్రులూ ఉన్నాయి. తిరుపతిలో స్విమ్స్, వెల్లూరులో 1900లో ఐడా స్కడర్ మొదలుపెట్టిన సీఎంసీ, బెంగళూరులో నిమ్హాన్స్, చెన్నైలో లెక్కలేనన్ని. ఏ ఆస్పత్రికి పేరుందని కాకుండా, మాకు కావలసిన పరీక్ష ఎక్కడుందని వెతికాం. ప్రతిచోటికీ ఫోను చేసి మూడే అడిగాం. రాత్రి నిద్ర పరీక్షతోపాటు మర్నాడు పగటి కునుకుల పరీక్ష కూడా చేస్తారా? ఆడమనిషి తోడు ఉండనిస్తారా? మొత్తం ఎంతవుతుంది, ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందా?

మొదటి ప్రశ్న ముఖ్యం. గురక జబ్బుకి రాత్రి పరీక్ష చాలు. అది చాలాచోట్ల ఉంది. పగటి పరీక్ష అంతటా చేయరు. మాకు చెన్నైలో కుదిరింది, అక్కడ మా పిన్నమ్మ ఇల్లూ ఉంది.

రాత్రి తలకి, కాళ్లకి, ఛాతీకి వైర్లు అంటించి పడుకోబెట్టారు. నొప్పేమీ ఉండదు. మర్నాడు రెండేసి గంటల తేడాతో ఐదుసార్లు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు పడుకోమన్నారు. ఎంత తొందరగా నిద్ర పడుతుందో, కలలొచ్చే నిద్రలోకి ఎంత తొందరగా జారుతుందో చూస్తారు. ఐదుసార్లకి సగటున ఎనిమిది నిమిషాల్లోపు నిద్ర పట్టి, అందులో రెండుసార్లయినా తిన్నగా కలల నిద్ర వస్తే అనుమానం బలపడినట్టే. మా ఆమెకు మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

జబ్బు పేరు నార్కోలెప్సీ. 1880లో ఫ్రెంచి డాక్టరు జెలినో పెట్టిన పేరు. మనల్ని మెలకువగా ఉంచే ఒరెక్సిన్ అనే రసాయనాన్ని 1998లో కనుక్కున్నారు. నవ్వితే ఒళ్లు సడలే రకం నార్కోలెప్సీలో మెదడులో ఆ రసాయనాన్ని తయారుచేసే కణాలే పోతాయట. ఎక్కువగా పదిహేను, పాతికేళ్ల మధ్య మొదలవుతుంది. అంటే మన ఆడపిల్లల చదువు, పెళ్లి, కాన్పు జరిగే వయసు. బద్ధకం అన్న పేరు పడడానికి సరిగ్గా సరిపోయే వయసు.

మందుతోపాటు మంచం కూడా

పూర్తిగా నయం చేసే మందు లేదు. అదుపులో పెట్టుకోవచ్చు. మోడాఫినిల్ మాత్ర డాక్టరు చీటీ మీద వాడుతోంది. ఆడవాళ్లకు దీని గురించి ఒక ముఖ్యమైన మాట. ఈ మందు వాడుతుంటే గర్భం రాకుండా వేసుకునే మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. బిడ్డ కావాలనుకున్నా, వద్దనుకున్నా ముందే డాక్టరుకి చెప్పి తీరాలి. మా ఆమె రెండో బిడ్డ విషయం ఇంకా డాక్టరుతో మాట్లాడుతూనే ఉంది.

మందుతోపాటు రాసిచ్చింది పగటి నిద్ర! ఒంటిగంటకి ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇంకో ఇరవై నిమిషాలు. ఇప్పుడు మధ్యాహ్నం ఆ గది తలుపు దగ్గరగా వేసేది మా అత్తగారే. ఎవరైనా వస్తే ‘‘మందు వేసుకునే టయిం’’ అంటున్నారు. బిడ్డకి పాలు పట్టేటప్పుడు చాప మీదే. బండి నడపడం, గుంట గట్టు మీద ఒంటరిగా నడవడం డాక్టరు సరే అనేదాకా లేదు. మందు ఖర్చు నెలనెలా ఉంటుంది. చుట్టాల్లో గుసగుసలూ ఉన్నాయి. కానీ జాకెట్లు మళ్లీ చెప్పిన రోజుకే ఇస్తోంది.

ఇవి గుర్తుంచుకోండి

* ముందు రోజుకి ఏడెనిమిది గంటలు నిద్రపోతున్నారా చూసుకోండి. తెల్లవారుజామున నాలుగింటికే లేచే ఇల్లాలికి పగలు తూగు రావడం జబ్బు కాదు, నిద్ర బాకీ.

* గురక మగవాళ్ల జబ్బు అనుకోకండి. నెలసరి ఆగిన తర్వాత ఆడవాళ్లలోనూ పెరుగుతుంది. పొద్దున్నే తలనొప్పి, రోజంతా మగత ఉంటే అడగండి. రాత్రి మాస్కుతో గాలి అందించే యంత్రం 1981 నుంచీ ఉంది.

* మీ గురక, నిద్రలో ఊపిరి ఆగడం మీకు తెలియవు. పక్కన పడుకునే మనిషిని డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి.

* నిద్ర మాత్రలు, దిగులు మాత్రలు వాడుతుంటే పరీక్షకి ముందే చెప్పండి. మీ అంతట మీరు ఆపకండి.

* నెలల తరబడి ఉన్న నిద్రకు రెండు వారాలు ఆగి పుస్తకం రాసుకోవచ్చు. ఉన్నట్టుండి వచ్చిన మత్తుకు ఒక్క గంట కూడా ఆగకూడదు. జ్వరం, వాంతులు, తలకి దెబ్బ, షుగరు మందు, పురుగుమందు... వీటితో మనిషి మగతగా ఉంటే 108కి ఫోను చేయండి.

* నేల మీద పడుకుని లేచిన మనిషికి రెప్పలు వాలిపోతుంటే, మాట ముద్దగా వస్తుంటే నిద్రమత్తు అనుకోవద్దు. కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పి ఉండదు, గాటూ కనిపించదు. నాటువైద్యం జోలికి పోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మీ ఇంట్లోనో, మీ బడిలోనో ఎప్పుడూ తూగే అమ్మాయి ఉంటే, పేరు పెట్టేముందు ఒకమాటు అడగండి. ‘రాత్రి బాగానే పడుకున్నావా అమ్మా? నవ్వితే ఏమైనా అవుతుందా?’ మా ఇంట్లో నాలుగేళ్లూ ఎవరికీ తోచని ప్రశ్న అదే.