ఒక్క అంకె తప్పితే ఉత్తరం ఊరు దాటుతుంది

గుణదల: ఇంటి నంబరు, వీధి పేరు శ్రద్ధగా రాసి, పిన్‌కోడ్ దగ్గరకు వచ్చేసరికి వదిలేసేవారు ఇప్పటికీ ఉన్నారు. 'విజయవాడ అని రాశాం కదా, చాలదా?' అన్నది వారి ప్రశ్న. చాలదు.

గుణదల చిరునామాలకు వాడే పిన్ 520004. పక్కనే ఉన్న రామవరప్పాడుకు 521108. రెండు ఊళ్ళవారూ చిరునామాలో విజయవాడ అనే రాసుకుంటారు. మనిషికి నాలుగడుగుల దూరమే అయినా, తపాలాకు మాత్రం మూడో అంకె దగ్గరే దారులు చీలిపోతాయి.

పిన్‌కోడ్ విధానం 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చింది. కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రిత్వశాఖ అధికారి శ్రీరామ్ భికాజీ వేలంకర్ దీని రూపకర్త. ఒకే పేరుగల ఊళ్ళు, రకరకాల భాషల్లో రాసిన చిరునామాలు ఉత్తరాలు వేరుచేసేవారికి పెద్ద చిక్కుగా ఉండేవి. అంకెలకు ఆ బెడద లేదు.

ఆరంకెల్లో మొదటి 5 ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలకు గుర్తు. మొదటి మూడు అంకెలు కలిపి చూస్తే ఉత్తరాలు వేరుచేసే ప్రాంతం తెలుస్తుంది. 520 విజయవాడది. గుడివాడ, మచిలీపట్నం పిన్‌లు 521తో మొదలవుతాయి. చివరి మూడు అంకెలు ఉత్తరం పంచే పోస్టాఫీసువి.

అంటే పిన్ జిల్లాది కాదు, పోస్టాఫీసుది. 2022 ఏప్రిల్‌లో గుణదల కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారింది గాని పిన్ మారలేదు.

పోస్టాఫీసులో మాత్రం మార్పులు చాలా వచ్చాయి. టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్‌పోస్టులో కలిపారు. పొదుపు ఖాతా, నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్, పదేళ్ళలోపు ఆడపిల్లల పేర తెరిచే సుకన్య సమృద్ధి ఖాతా ఉన్నాయి. 2018లో తపాలా పేమెంట్స్ బ్యాంకు కూడా వచ్చింది.

జాబులు తగ్గాయి కనుక పిన్‌తో పనేమిటనుకోరాదు. ఆధార్ కార్డు, పాస్‌పోర్టు, బ్యాంకు ఏటీఎం కార్డు, ఉద్యోగపు పిలుపు తపాలాలోనే ఇంటికి వస్తాయి. పిన్ తప్పితే కవరు ముందు ఆ నంబరు గల పోస్టాఫీసుకు పోయి, అక్కడి నుంచి తిరిగి రావాలి. ఈలోగా ఇంటర్వ్యూ తేదీ దాటిపోతే ఆ నష్టం పూడ్చేవారు లేరు.

అందుకే దరఖాస్తు నింపేముందు మన ఊరి పిన్ ఏదో పోస్టుమాన్‌ను అడిగి, ఆధార్‌లో ఉన్న నంబరుతో సరిచూసుకోవడం మంచిది. అడిగినందుకు ఖర్చేమీ లేదు.