హాస్టలులో మొదటి ఏడు

మదరాసు ఐ.ఐ.టి. 1959లో వెలసింది. అక్కడి హాస్టళ్లకు గోదావరి, కృష్ణ, కావేరి, నర్మద అంటూ నదుల పేర్లు. తాతలనాడే తమిళదేశంలో స్థిరపడిన మన పిల్లవాడు, గోదావరిని కంట చూడకపోయినా "గోదావరిలో ఉంటున్నాను" అనవచ్చు! ఆవరణలో జింకలు తిరుగుతాయి. కిటికీ మూయకపోతే కోతులు గదిలో దూరతాయి. అవి పెద్ద బెంగలు కావు.

తలిదండ్రుల అసలు బెంగ ర్యాగింగు. తమిళనాడులో 1997లోనే దీనిపై చట్టం వచ్చింది. 2009 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం కొత్తవారికి వీలైనంతవరకు వేరుగా వసతి చూపాలి. విద్యార్థీ, తలిదండ్రులూ ప్రమాణపత్రం ఇవ్వాలి. చదవకుండా దానిపై సంతకం చేయకండి (మన గుమాస్తాలకు ఆ అలవాటుంది). ఫిర్యాదుకు ఫోను 1800-180-5522.

అబ్బాయి వారమంతా "బాగానే ఉన్నాను" అన్న ఒక్క ముక్కే చెబుతుంటే, ఆదివారం స్వయంగా వెళ్లి చూడండి. ఆవకాయ ఇచ్చే వంక చాలు.