ఊరు దాటిన కూలికి రేషను

కోటి విద్యలు కూటి కొఱకే యని పెద్దలందురు. ఆ కూటి కొఱకే పాలమూరు పల్లెలనుండియు, రాష్ట్రపుటెల్లలు దాటి కర్నూలు, ఒడిశా, బీహారు ప్రాంతములనుండియు అనేకులు మన పట్టణమునకు వచ్చుచున్నారు. నాంపల్లి స్టేషనునొద్ద మూటలు మోయువారిలోను, ఆబిడ్సు హోటళ్లలో పాత్రలు తోమువారిలోను, మేడలు కట్టుచోట ఇటుకలందించువారిలోను వీరు కలరు. కూలిలో గది అద్దె పోగా మిగులునది స్వల్పము. బియ్యము కొనవలసిన పని లేనిచో ఆ డబ్బు బిడ్డల పుస్తకములకును మందులకును నిలుచును. కావున రేషను కార్డు వీరికి చిన్న విషయము కాదు.

2013వ సంవత్సరపు జాతీయ ఆహారభద్రతా చట్టముచే, ప్రాధాన్య కుటుంబములలో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల ధాన్యము హక్కుగా ఏర్పడినది. 2023 జనవరినుండి దానికి వెల లేదు. అయితే పూర్వము ఏ యూరి కార్డునకు ఆ యూరి దుకాణములోనే బియ్యము. కార్డు ఊరిలో, కడుపు పట్టణములో! 2020 మార్చిలో కరోనాచే దేశమంతయు మూతపడినప్పుడు ఈ లోపము ఎల్లరకును తెలిసినది. కార్డుగలవారును ఆకలితో కాలినడకను స్వగ్రామములకు మరలిరి.

దీనికి విరుగుడు 'ఒకే దేశము, ఒకే రేషను కార్డు' అను పద్ధతి. రాష్ట్రముల నడుమ ఇది 2019 ఆగస్టులో, మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణములకును, గుజరాత్, మహారాష్ట్రములకును ఆరంభమైనది. 2021 జూలై 31 లోగా అన్ని రాష్ట్రములును దీనిని అమలుపరుపవలెనని సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. 2022 జూన్‌లో అస్సాము చేరుటతో దేశమంతటను వ్యాపించెను.

కర్నూలు జిల్లా కార్డొకదానిలో ఐదుగురు కలరనుకొందము. వారి నెల వంతు 25 కిలోలు. నాంపల్లిలో కూలిచేయు తల్లిదండ్రులు తమ 10 కిలోలను ఇచ్చటి దుకాణమున పుచ్చుకొనవచ్చును. ఊరనున్న అవ్వయు పిల్లలును తక్కిన 15 కిలోలు అచ్చట పుచ్చుకొందురు. క్రొత్త కార్డక్కఱలేదు. కార్డు నంబరో ఆధార్ నంబరో చెప్పి యంత్రముపై వ్రేలు మోపిన చాలును.

మూడు సంగతులు మాత్రము మఱవరాదు. తెలంగాణము తన కార్డుదారులకు మనిషికి 6 కిలోలిచ్చుచున్నను, ఎల్ల దాటి వచ్చినవారికి చట్టపు 5 కిలోలే లభించును. కేంద్ర చట్టమునకు చేరక, రాష్ట్రము తానుగా ఇచ్చిన కార్డులు ఆ రాష్ట్రము వెలుపల చెల్లవు. కార్డులో పేరెక్కని బిడ్డకు వంతు లేదు.

పొలము కోయువాడు దాని అంచులను కోయక, పరిగెను ఏరుకొనక, బీదలకును పరదేశులకును విడువవలెనని లేవీయకాండము 19వ అధ్యాయము విధించుచున్నది. మోయాబు దేశపు రూతు బేత్లెహేమునందు బోయజు పొలములో పరిగె ఏరుకొని అత్తను పోషించినది ఆ విధివలననే. అది దాత దయ కాదు, ఆకలిగొన్నవారి హక్కు. పరదేశి యని ఆమెను ఎవరును త్రోసివేయలేదు.

విద్యార్థులారా! వలస కుటుంబముల బిడ్డలు మన తరగతులలోనే కలరు. వారి తల్లిదండ్రులలో చదువురానివారికి ఈ సంగతి తెలియజెప్పుడు. కార్డులో పిల్లల పేర్లున్నవో లేవో చదివి చూపుడు. మీరు నేర్చిన అక్షరములు ఒక యింట పొయ్యి వెలిగించిన, ఆ చదువు సార్థకమైనట్లే.