విదేశయాత్రకు మూడు అనుమతులు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పల్లెలనుండి పెక్కుమంది తల్లిదండ్రులు నేడు అమెరికాలోనున్న బిడ్డలను జూచుటకు బయలుదేరుచున్నారు. వీరు పాస్‌పోర్టు, వీసా అను రెండు మాటలు వినియుందురు. మూడవదానిని వినినవారు తక్కువ. ఆ మూడవది ఎరుగకపోవుటవలన కలుగు నష్టమే పెద్దది. ఈ మూడింటిని గూర్చి నేనిప్పుడు మనవి చేసెదను.

సరిహద్దు, తనిఖీ అనునవి మన సీమకు క్రొత్తవి కావు. 1947కు పూర్వము కోదాడనుండి జగ్గయ్యపేటకు పోవువాడు నిజాము రాజ్యమును విడిచి బ్రిటిషువారి కృష్ణా జిల్లాలో ప్రవేశించుచుండెను. సరకులకు కరోడుగిరివారి సుంకముండెడిది. ఈవల చెల్లునది హాలీ రూపాయ, ఆవల చెల్లునది కల్దారు రూపాయ. ఇంటియొద్ద ఎన్ని కాగితములు సిద్ధపరచుకొన్నను, నాకాయొద్ద మూట విప్పి చూచు అధికారము నాకాదారుదే. ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొన్నచో నేటి నిబంధనలు సులభముగా బోధపడును.

మొదటిది పాస్‌పోర్టు. ఇది మన ప్రభుత్వము 1967వ సంవత్సరపు చట్టము ననుసరించి ఇచ్చు పత్రము. ఇతడు మా పౌరుడని ఇతర రాజ్యములకు తెలుపుటయే దీని పని. పెద్దవారికిచ్చునది సాధారణముగా 10 సంవత్సరములు చెల్లును. మనవారికి ఇచ్చట వచ్చు చిక్కు పేరునుగూర్చినది. ఇంటిపేరును ఒక్క అక్షరముగా కుదించి వ్రాయుట మనకలవాటు. పాస్‌పోర్టులో పొడి అక్షరములు పనికిరావు. ఇంటిపేరును దాని గడిలో పూర్తిగా వ్రాయవలెను. ఆ గడిని ఖాళీగా విడిచినచో, అమెరికా వీసాపై సొంతపేరుండవలసినచోట ‘పేరు తెలియదు’ అను అర్థముగల గుర్తు పడును. కావున ఆధారు మొదలగు పత్రములన్నిటియందును పేరును, పుట్టిన తేదియు ఒక్కతీరుగా నున్నవో లేవో ముందే సరిచూచుకొనుడు.

రెండవది వీసా. ఇది మనము పోదలచిన దేశమువారిచ్చు అనుమతి. అమెరికావారి కాన్సులేటు హైదరాబాదులో 2008లో తెరువబడినది. అంతకుముందు మనవారు చెన్నై పోవలసియుండెను. 2023 మార్చిలో ఆ కార్యాలయము బేగంపేటలోని పైగా భవనమునుండి నానక్‌రాంగూడకు మారినది. బిడ్డలను జూడబోవువారు కోరవలసినది బి-2 అను సందర్శక వీసా. డి.ఎస్.-160 అను దరఖాస్తును నింపి, రుసుము చెల్లించి, వ్రేలిముద్రలిచ్చి, పిదప అధికారియెదుట నిలువవలెను. వీసా రాకపోయినను రుసుము తిరిగి రాదు. 79 ఏండ్లు దాటినవారు స్వయముగా పోనక్కరలేదను సడలింపు 2025 సెప్టెంబరు 2 మొదలు తొలగింపబడినది.

1952 నాటి అమెరికా చట్టము, సందర్శనకు వచ్చెదనను ప్రతివానిని అచ్చటనే స్థిరపడదలచినవానిగా ముందు భావించును. అట్లు కాదని నిరూపించు భారము మనమీదనే కలదు. అందువలననే అధికారి, ‘ఎందులకు పోవుచున్నారు? ఎన్నాళ్లుందురు? ఖర్చెవరు భరింతురు? ఇచ్చట మీకేమున్నది?’ అని అడుగును. తెలుగులో సమాధానము చెప్పవచ్చును. పొలము, ఇల్లు, పింఛను, ఇచ్చటనున్న తక్కిన బిడ్డలు, వీనినిగూర్చి ఉన్నదున్నట్లు రెండు మాటలలో చెప్పిన చాలును. ఈ కారణముచే వీసా నిరాకరింపబడినను మరల దరఖాస్తు చేసికొనవచ్చును. కాని దళారి మాట నమ్మి దొంగ కాగితము చూపినచో, బొంకినచో, జీవితాంతము ఆ దేశప్రవేశము నిషిద్ధము కావచ్చును. నిరాకరణకు మందు కలదు. బొంకునకు మందు దొరకుట బహుకష్టము.

మూడవది ప్రవేశానుమతి. వీసా మనలను ఆ దేశపు వాకిలివరకు మాత్రమే చేర్చును. లోనికి రానిచ్చుటయు, ఎన్నాళ్లుండనిచ్చుటయు అచ్చటి విమానాశ్రయమునందలి అధికారి నిర్ణయింపవలసినవి. అతడిచ్చు గడువు ఐ-94 అను లెక్కలో వ్రాయబడును. వీసా పదేండ్లదైనను, సందర్శకునకు ఒక్క రాకకు సాధారణముగా ఇచ్చునది ఆరు నెలల గడువే. పదేండ్ల వీసాయని సంతోషించి, పదేండ్లును ఉండవచ్చునని తలచుట గొప్ప పొరపాటు. విమానాశ్రయమున ఈ ఐ-94 కాగితమును చేతికిచ్చు పద్ధతి 2013లో ఆగిపోయినది. కావున చేరిన వారములోపలనే ప్రభుత్వపు లెక్కనుండి దాని ప్రతిని తీసియిమ్మని బిడ్డలనడుగుడు. గడువు తేదిని గోడ క్యాలెండరుమీద గుర్తుపెట్టుకొనుడు.

గడువు మీరి ఒక్కదినమున్నను ఆ వీసా చెల్లకపోవును. 180 దినములకు మించి ఉండి వచ్చినవారికి మూడేండ్లును, ఏడాదియో అంతకు మించియో ఉండి వచ్చినవారికి పదేండ్లును మరల ప్రవేశముండదు. డెబ్బది యేండ్లవానికి పదేండ్లనగా ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ మనుమని పెండ్లికిగూడ పోలేకపోవచ్చును. అనారోగ్యాది కారణములచే ఉండక తప్పనిచో, గడువు ముగియకముందే ఐ-539 అను దరఖాస్తుతో పొడిగింపు కోరవలెను. సందర్శకుడు అచ్చట వేతనమునకు పని చేయరాదు.

మూటలోని వస్తువులకును తనిఖీ కలదు. మాంసపు పచ్చళ్లు, పచ్చి కరివేపాకు, పండ్లు, విత్తనములు తీసికొనిపోకుడు. ఏ ఆహారపదార్థమున్నను అడిగినప్పుడు చెప్పుడు. దాచినవారికి అపరాధరుసుము విధింపబడును. మందులను వైద్యుని చీటితోడనే ఉంచుకొనుడు.

ఇతర దేశముల నియమములు వేరు. నేపాలునకు మనకు వీసా అక్కరలేదు. షెంగెను ఒప్పందమునందలి ఐరోపా దేశములలో ఏ 180 దినములలోనైనను 90 దినములకు మించి సందర్శకుడుండరాదు. అచ్చటికి 30,000 యూరోలకు తక్కువకాని వైద్యభీమా చూపవలెను. పాస్‌పోర్టునకు ఇంకను ఆరు నెలల గడువుండవలెనని కోరు దేశములు పెక్కు.

రుసుములును నియమములును మారుచుండును. కావున ప్రయాణము తలపెట్టినప్పుడెల్ల ఆ దేశపు కాన్సులేటు ప్రకటనలనే చదివించుకొనుడు; దళారిని అడుగకుడు. పాస్‌పోర్టు మన గుర్తింపు, వీసా వాకిలివరకు త్రోవ, ఐ-94 లోన నిలుచుటకు గడువు. ఈ మూడింటి తేదులును వేరువేరని తెలిసికొన్న పెద్దలు సుఖముగా పోయి, సకాలమున మరలివచ్చి, కోరినప్పుడు మరల పోగలరు.