చుక్క ఒకచోట, చిల్లు మరోచోట

మొన్నటి వానలకు మా హాలు సీలింగు మీద, ఫ్యాను పక్కనే అరచేయంత తడి మచ్చ లేచింది. పెరుగుతోందో లేదో తెలియాలని చుట్టూ పెన్సిలుతో గీత గీశాను. డాబా ఎక్కి సరిగ్గా దాని పైన వెతికితే ఏమీ లేదు. మేస్త్రి వచ్చి, పది అడుగుల అవతల పిట్టగోడ మొదట్లో గోరు దూరేంత పగులు చూపించాడు. నీళ్లు అక్కడ దిగి, స్లాబులోని కరెంటు గొట్టం వెంబడే వచ్చి ఫ్యాను దగ్గర బయటపడ్డాయి.

కాంక్రీటు రాయిలా కనిపిస్తుంది గానీ లోపలంతా సన్నని దారులే. సిమెంటు గట్టిపడే రసాయన చర్యకు దాని బరువులో సుమారు నాలుగో వంతు నీరు చాలు. పని సాగడానికి ఇంకొంత పోసినా, 50 కిలోల బస్తాకు 25 లీటర్లు దాటకుండా చూసుకోవాలి. మాలు జారుగా ఉంటే పని తేలికని మరో బకెట్ గుమ్మరిస్తారే, ఆ నీరు ఆరిపోతూ తను నిలిచిన చోట్లను ఖాళీగా వదిలేస్తుంది. వాన నీరు వాటిలోకి తనంతట తానే పాకుతుంది. దారి సన్నబడే కొద్దీ పాకుడు ఎక్కువ: 0.1 మి.మీ. వ్యాసార్ధమున్న గాజు గొట్టంలో నీరు సుమారు 15 సెం.మీ. ఎక్కుతుంది, 0.01 మి.మీ. అయితే మీటరున్నర. పునాది చెమ్మ గోడెక్కేదీ ఇలాగే. తమాషా ఏమిటంటే, కలిపేటప్పుడు నీరు వద్దన్న ఆ సిమెంటుకే గట్టిపడ్డాక రోజుల తరబడి తడి కావాలి. అప్పుడు పిసినారితనం చేస్తే పగుళ్లు.

తడి ఇనుప చువ్వల దాకా వెళ్తే అవి తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడతాయి.

లోపల సీలింగుకు ఖరీదైన రంగు వేయించడం నా దృష్టిలో డబ్బు దండగ. వెనక నుంచి నీరు నెడుతుంటే రంగు బుడగలు లేస్తుంది. అడ్డుకట్ట నీరు దిగే వైపునే పడాలి. పాత మద్రాసు టెర్రస్ డాబాల మీద ఇటుక ముక్కలు కలిపిన సున్నం పరిచి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు చల్లుతూ కొయ్య సుత్తులతో రోజుల తరబడి కొట్టేవారు. సన్నని పగులు వచ్చినా, నీటిలో కరిగిన సున్నమే మళ్లీ పేరుకుని దాన్ని కొంత పూడ్చేది.

మేస్త్రి పగులు పూడ్చి, ఆ మూలను గుండ్రంగా మెత్తి, పైన పూత వేశాడు. అది ఆరాక డాబా గొట్టానికి గుడ్డ కుక్కి రెండు రోజులు నీళ్లు నిలగట్టాడు. మూడోరోజు పొద్దున స్టూలెక్కి చూశాను. మచ్చ పెన్సిలు గీత దాటలేదు.