జో జో, సువ్వి, హైలెస్సా: భాష, సంగీతాల పుట్టుక

ఉద్దేశాలు
ఈ భాగం చదివిన తరవాత మీరు:
• భాష, సంగీతాల మూలాన్ని గురించిన ప్రధాన వాదాలను తెలపగలుగుతారు.
• మన ప్రాంతపు పాటల ఆధారంగా ఆ వాదాలను పరిశీలించగలుగుతారు.

1. సమస్య
ఎముక మిగులుతుంది, రాతి పనిముట్టు మిగులుతుంది. పలికిన మాట, పాడిన పాట మిగలవు. భాష పుట్టుకపై వచ్చే పత్రాలను స్వీకరించబోమని పారిస్ భాషాశాస్త్ర సంఘం 1866లో తన నిబంధనల్లోనే రాసుకుంది. సంగీతానికి కొంత వస్తుగత సాక్ష్యం ఉంది. జర్మనీలోని హోలె ఫెల్స్ గుహలో 2008లో దొరికిన రాబందు ఎముక పిల్లనగ్రోవి వయస్సు సుమారు 35,000 నుంచి 40,000 సంవత్సరాలు. గొంతుతో పాడటం అంతకుముందే మొదలై ఉండాలి. ఎంత ముందన్నది ఆ పిల్లనగ్రోవి చెప్పలేదు.

2. నాలుగు వాదాలు
ఉద్వేగంతో పలికిన మాట నుంచే సంగీతం పుట్టిందని హెర్బర్ట్ స్పెన్సర్ 1857లో వాదించాడు. చార్లెస్ డార్విన్ 1871లో దీన్ని తిరగవేశాడు. మన పూర్వికులు తోడును ఆకర్షించడానికి మొదట స్వరాలు పలికారని, మాట తరవాత వచ్చిందని ఆయన అభిప్రాయం. సంగీతం పరిణామంలో ప్రత్యేక ప్రయోజనం లేని ఉపఫలం మాత్రమేనని స్టీవెన్ పింకర్ 1997లో అన్నాడు. రెండూ ఒకే పూర్వరూపం నుంచి చీలిన కొమ్మలని స్టీవెన్ బ్రౌన్ 2000లో ప్రతిపాదించాడు.

3. అర్థం లేని ధ్వనులు చేసే పని
భీమవరం పరిసర గ్రామాల్లోని పెద్దలకు తెలిసిన మూడు ధ్వనులను తీసుకుందాం. ఉయ్యాల ఊపుతూ తల్లి 'జో జో' అంటుంది. వడ్లు దంచే స్త్రీలు 'సువ్వి' అంటారు. తెడ్లు వేసేవారు, బరువు లాగేవారు 'హైలెస్సా' అంటారు. 'బియ్యం', 'పడవ' అన్న మాటల్లా ఇవి ఏ వస్తువునూ సూచించవు. అయినా వీటికి పని ఉంది. ఒకే రోటి దగ్గర ఇద్దరు వంతులవారీగా రోకలి వేసేటప్పుడు లయ తప్పితే రోకళ్లు ఢీకొంటాయి. తెడ్లు ఒక్కసారిగా పడకపోతే పడవ సాగదు. మాట తెలియని బిడ్డకు 'జో జో' ధైర్యం ఇస్తుంది.

అంటే, అర్థం లేకపోయినా స్వరం, లయ మనుషులను కలపగలవు. డార్విన్ చెప్పిన తోడు ఆకర్షణ ఒక్కటే దీనికి చాలదు. బిడ్డ పెంపకం, కలిసి చేసే శ్రమ కూడా కారణాలై ఉండవచ్చు. 21 సమాజాల్లో 410 మంది నుంచి సేకరించిన 1,615 ధ్వనిముద్రణలపై 2022లో ఒక అధ్యయనం వెలువడింది. పెద్దలు పసిబిడ్డలతో మాట్లాడేటప్పుడు, పాడేటప్పుడు గొంతును మార్చుకునే తీరులో ఆ సమాజాలన్నిటా పోలికలు కనిపించాయి.

4. నేర్చుకునే గొంతు
పాటకు కోకిలను, కూతకు కాకిని ఉదాహరణగా చెప్పడం మనకు అలవాటు. పక్షిశాస్త్రం వేరుగా చెబుతుంది. కాకి గానపక్షుల వర్గానికి చెందింది. కోకిల ఆ వర్గంలో లేదు. కాకి గూట్లో పెరిగినా కోకిల పెద్దయ్యాక కోకిల కూతే కూస్తుంది, ఎందుకంటే అది పుట్టుకతో వచ్చిన కూత. చిలుక, గోరింక మాత్రం విన్న ధ్వనిని నేర్చుకుని పలుకుతాయి. మనకు దగ్గరి బంధువైన చింపాంజీకి ఈ శక్తి చాలా తక్కువ. మనిషికి మాటైనా పాటైనా విని నేర్చుకుంటేనే వస్తుంది. రెండింటికీ ఉమ్మడి పునాది ఉందనే వాదానికి ఇది బలమైన ఆధారం.

5. ఒక హెచ్చరిక
దంపుళ్ల పాట పాడే స్త్రీ ఆదిమ మానవురాలు కాదు, ఆమె పాట శిలాజమూ కాదు. ఆమె భాష మన భాష వంటి సంపూర్ణ భాషే. ఆ పాట పాతకాలపు రూపాన్ని చూపదు. స్వరం, లయ ఏ పని చేయగలవో మాత్రమే చూపుతుంది. ఈ తేడా మరిచిపోతే శాస్త్రం తప్పుతుంది, మనుషులనూ తక్కువ చేసినట్లవుతుంది.

ఆ సాక్ష్యం కూడా తరిగిపోతోంది. బియ్యం మిల్లులు వచ్చి రోలును పక్కకు నెట్టాయి. రోడ్లు వచ్చి కాలువ పడవలను ఆపాయి. వరి చేలు చేపల, రొయ్యల చెరువులైన చోట ఊడ్పుల పాటకు తావు లేదు. మూడు ధ్వనుల్లో ఇంటింటా ఇంకా వినిపించేది 'జో జో' ఒక్కటే.

సారాంశం
భాష ముందా, సంగీతం ముందా అన్నది ఇంకా తేలలేదు. విని నేర్చుకునే గొంతు, బిడ్డ పెంపకం, కలిసి చేసే పని రెండింటికీ ఉమ్మడి నేల అయి ఉండవచ్చు.

మీ ప్రగతిని తెలుసుకోండి
1. స్పెన్సర్, డార్విన్ వాదాల మధ్య తేడా ఏమిటి?
2. కాకి, కోకిల ఉదాహరణ ఏ విషయాన్ని స్పష్టం చేస్తుంది?

కృత్యం: మీ ఇంట్లో లేదా ఊళ్లో ఒక పెద్దావిడ అనుమతి తీసుకుని ఆమె పాడే జోలపాటనో పనిపాటనో రికార్డు చేయండి. అందులో అర్థం లేని ధ్వనులు ఏవి, అవి ఏ కదలికతో కలిసి వస్తున్నాయి అన్నది ఒక పుటలో రాయండి. పాడినవారికి ఆ రికార్డును వినిపించి, పొరపాట్లుంటే సరిచేయించుకోండి.