హమీద్ పటకారు, రహమత్ కాగితం

విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో మదనపల్లె వచ్చి, బీసెంట్ థియొసాఫికల్ కళాశాలలో బస చేసి, 'జనగణమన'ను ఇంగ్లీషులోకి అనువదించిన సంగతి ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఆయనే 1892లో ఒక ముస్లిం తండ్రి కథ రాశారు. అదే 'కాబూలీవాలా'.

ఎండుద్రాక్ష, బాదం అమ్ముకోవడానికి కలకత్తా వచ్చిన రహమత్‌కు చిన్నారి మినీతో స్నేహం కుదురుతుంది. బాకీ గొడవలో ఒకణ్ణి కత్తితో పొడిచి జైలుకు పోతాడు. తిరిగి వచ్చేసరికి మినీ పెళ్ళికూతురు. అతను గుండెకు దగ్గరగా దాచుకున్న కాగితం మీద ఉన్నది సొంత కూతురి చేతి ముద్ర. అది చూసి మినీ తండ్రి పెళ్ళి దీపాల ఖర్చు, బ్యాండు ఖర్చు తగ్గించి, బిడ్డ దగ్గరకు వెళ్ళమని డబ్బిస్తాడు. 2015లో అనురాగ్ బసు ఎపిక్ చానల్‌కు తీసిన ఠాగూర్ కథల హిందీ సీరియల్‌లో ఈ కథ వచ్చింది.

ప్రేమ్‌చంద్ 1933లో రాసిన 'ఈద్గాహ్' మరో ఆణిముత్యం. తల్లిదండ్రులు లేని హమీద్ దగ్గర ఉన్నవి మూడే పైసలు. తోటి పిల్లలు బొమ్మలు, మిఠాయిలు కొంటే, రొట్టెలు కాల్చే దాదీ చేతులు కాలకూడదని అతను పటకారు కొంటాడు. ఇది మన పదో తరగతి హిందీ వాచకంలో పాఠంగా వచ్చింది. గుల్జార్ దూరదర్శన్‌కు తీసిన ప్రేమ్‌చంద్ కథల సీరియల్ 'తహరీర్'లోనూ వచ్చింది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ముస్లిం ఇళ్ళలో మాట ఉర్దూ, బడిలో చదువు తెలుగో ఇంగ్లీషో. కుప్పం వీధుల్లోనైతే తమిళం, కన్నడం కూడా వినిపిస్తాయి. ఎందరో దాదీమాలకు తెలుగు చదవడం రాదు, మనవళ్ళకు ఉర్దూ లిపి రాదు. ఒకే కథ ఇద్దరికీ అందడం కష్టమైపోయింది. ఆ లోటును టీవీ కొంత తీర్చింది. పుస్తకం పట్టని ముసలమ్మ కూడా ఆ మాటలు విని హమీద్‌ను తన మనవడిగా చూసుకోగలదు.

అయితే చూడడంతోనే సరిపెట్టుకోకూడదు. దాదీ కన్నీళ్ళు తెర మీద కనిపిస్తాయి. కానీ ఇనుప సామాన్ల అంగడి ముందు ఆగిన హమీద్ మనసులో ఎన్ని ఆలోచనలు తిరిగాయో కథ చదివితేనే పూర్తిగా తెలుస్తుంది.

అందుకే తల్లిదండ్రులకు ఒక మనవి. వారానికి ఒక సాయంత్రం పిల్లల చేత ఇలాంటి కథ ఒకటి పెద్దగా చదివించండి. దాదీని, నానీని పక్కన కూర్చోబెట్టండి. తెలుగు మాట వాళ్ళకు అర్థం కాకపోతే పిల్లలే ఉర్దూలో చెబుతారు. ఈసారి ఈద్‌కు కొత్త బట్టలతోపాటు ఒక కథల పుస్తకం కూడా కొనండి.